7314 నంబరు మనిషికి

బిడ్డను కనాలనుకున్నప్పుడు ఎల్స్పా ఎవరి సలహా అడగలేదు. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చాయి. పెళ్లి మీద మనసు ఎప్పుడో పోయింది, బిడ్డ మీద మాత్రం పోలేదు. క్లాక్స్‌విక్ రేవులో చేపల ఓడలకు వలలు కట్టే కర్మాగారంలో పదిహేడేళ్లుగా ఆమె పని. అక్కడి మగవాళ్లలో ఒకరిద్దరు, దానికంత దూరం వెళ్లడమెందుకు మేం లేమా అని పరాచికాలాడారు. మీరున్నారనే కోపెన్‌హేగన్ వెళ్తున్నానని చెప్పి ఆమె విమానం ఎక్కింది.

అది వట్టి ఎగతాళి కాదు. క్లాక్స్‌విక్ ఉన్న ఫారో దీవుల్లో ఒక జబ్బు ఉంది, దాని పేరు ఎరగని ఇల్లు లేదు. ఒంట్లో కార్నిటిన్ అనే పదార్థం నిలవకుండా కారిపోతుంది. అది లేకపోతే కొవ్వును కరిగించి గుండెకు బలం అందించడం ఒంటికి చేతకాదు. పైకి ఏమీ కనిపించదు. నిన్నటిదాకా బంతి ఆడిన కుర్రాడు నాలుగు రోజులు జ్వరపడి, రెండు పూటలు తినకుండా పడుకుంటాడు. మూడో పూట లేవడు. అలా కొందరు పోయాక ఒకప్పుడు దీవుల జనమంతా వరసలు కట్టి రక్తం ఇచ్చారు. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ లోపం వస్తేనే జబ్బు, ఒక్క వైపు నుంచి వస్తే ఏమీ కాదు. ఎల్స్పాకు ఒక్క వైపు నుంచి వచ్చింది. యాభై వేలమంది ఉన్న దీవుల్లో రెండో వైపు ఎక్కడ తగులుతుందో ఎవరు చెప్పగలరు? అందుకే బయటి రక్తం కావాలనుకుంది.

కోపెన్‌హేగన్ వీర్యబ్యాంకులో దాతల జాబితా ముందు కూర్చుని ఆమె రెండే చూసింది. మనిషి ఆరోగ్యంగా ఉండాలి, తమ దీవులవాడు కాకూడదు. 7314 నంబరు దాత విద్యార్థి. ఆరడుగుల పైన పొడవు, నీలికళ్లు, తన పేరు ఎవరికీ తెలియకూడదని కోరిన మనిషి. జాతీయత అన్నచోట డెన్మార్క్ అని ఉంది. ఆమెకు అదే కావలసింది. వాడి పేరుతో తనకేం పని?

బిడ్డ పుట్టింది. రన్వా అని పేరు పెట్టింది. తొమ్మిదో రోజున ఆసుపత్రి నుంచి డాక్టర్ ఓలువా ఫోన్ చేసి, కారు తానే పంపుతానని, పాపను తీసుకుని వెంటనే రమ్మని చెప్పింది. క్లాక్స్‌విక్‌లో డాక్టర్లు కార్లు పంపరు.

మడమ నుంచి తీసిన రెండు చుక్కల రక్తంలో కార్నిటిన్ దాదాపు లేదు. భయపడకండి అని ఓలువా ముందే చెప్పేసింది. సమయానికి పట్టుకున్నాం, రోజుకు మూడుసార్లు పాలలో మందు కలిపి ఇస్తే ఈ పిల్ల తొంభై ఏళ్లు బతుకుతుంది. ఒక్కటే చిక్కు, మందు వల్ల పిల్ల ఒళ్లు కాస్త చేపల వాసన వేస్తుంది.

"మా వీధిలో ఎవరికీ తేడా తెలియదులెండి" అంది ఎల్స్పా. నవ్వబోయింది కానీ ఏడుపు వచ్చింది. కాసేపు ఏడ్చాక ముక్కు తుడుచుకుని అసలు ప్రశ్న అడిగింది. తండ్రి డెన్మార్క్ మనిషి కదా, రెండో వైపు ఎక్కడిది?

"కాగితం మీద ఏముందో నాకు తెలియదు ఎల్స్పా. రక్తం మాత్రం రెండు వైపులా మనదే అంటోంది. ఈ రకం లోపం నేను మన దీవులవాళ్లలో తప్ప చూడలేదు."

ఎల్స్పా సంచిలోంచి తన పాస్‌పోర్టు తీసి చూసుకుంది. పుట్టింది క్లాక్స్‌విక్, పెరిగింది క్లాక్స్‌విక్. జాతీయత అన్నచోట డెన్మార్క్ అనే ఉంది. ఆమెది మాత్రమేనా, డెన్మార్క్ ఏలుబడిలోని ఆ దీవుల్లో అందరిదీ అంతే. చదువులకని ఏటా కోపెన్‌హేగన్ వెళ్లే కుర్రాళ్లందరి జేబుల్లోనూ అదే పాస్‌పోర్టు. ఫ్రాన్స్ మనిషో జర్మనీ మనిషో చదివి పొరబడితే అర్థముంది. పుట్టినప్పటి నుంచీ ఆ మాటను తన పాస్‌పోర్టులో మోస్తూ, దాన్ని పరాయివాడని చదువుకుంది తను. పదిహేడేళ్లుగా వేలెడు చిరుగును వెతికి పట్టుకునే కళ్లు అంత పెద్ద చిరుగును చూడలేదు.

తనను తాను తిట్టుకోవడం ఇంటికి వచ్చేదాకా సాగింది. పాపకు మొదటి మోతాదు ఇచ్చి, నిద్రపుచ్చి, వంటింట్లో కూర్చున్నాక మరో ఆలోచన వచ్చింది. ఇక అది వదల్లేదు. రన్వాకు రెండు వైపులా వచ్చిందంటే, ఆ మనిషికి కనీసం ఒక వైపు ఉంది. రెండూ ఉంటే? ఉండి, వాడికి తెలియకపోతే? ఓలువాను ఫోన్లో అడిగింది. ఉండవచ్చు, అందామె. పరీక్షల కాలంలో ఊళ్లో లేనివాళ్లు, సూది అంటే భయపడి తప్పించుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. తనకు జబ్బు ఉందని తెలిసినవాడు దాతగా వెళ్లడు కాబట్టి, ఈ మనిషి పరీక్ష చేయించుకోలేదనే అనుకోవాలి.

మర్నాడు ఉదయం ఎల్స్పా బ్యాంకుకు ఫోన్ చేసింది. ఫోన్ ఎత్తినావిడ మంచి మనిషే. పాపకు అలా అయినందుకు నిజంగానే బాధపడింది, 7314 నమూనాలన్నీ ఆ పూటే పక్కన పెట్టించింది. దాతకు కబురు చెయ్యమని అడిగేసరికి మాత్రం ఆగిపోయింది. దాతలందరూ చేరేటప్పుడు ఒక పత్రం నింపుతారట. పుట్టిన పిల్లల్లో ఏదైనా వంశపారంపర్య జబ్బు బయటపడితే మీకు తెలియజేయాలా వద్దా అని అందులో ఒక ప్రశ్న ఉంటుందట. 7314 వద్దు అన్నచోట గీత పెట్టాడు.

"అప్పటికి అతనికి ఎన్నేళ్లు?"

"ఇరవై రెండు."

"ఇరవై రెండేళ్లవాడు ఏ కాగితం చదివి గీత పెడతాడండీ? నేను అతని పేరు అడగటం లేదు, అడ్రసు అడగటం లేదు. వెళ్లి రక్తం చూపించుకోమని మీరు ఒక్క ముక్క చెప్పండి చాలు."

తెలుసుకోకుండా ఉండడం కూడా మనిషి హక్కేనని ఆవిడ మెల్లగా చెప్పింది. కొందరు తమకు ఏ జబ్బు రాసిపెట్టి ఉందో వినకుండా బతకాలనుకుంటారు. వాళ్ల మీదికి ఆ మాట విసిరే అధికారం మనకు లేదు. ఒకసారి వినిపించాక వెనక్కి తీసుకోలేం కదా. ఎల్స్పాకు కోపం వచ్చింది కానీ, ఆవిడ చెప్పింది అర్థం లేని మాట అనిపించలేదు. మందు లేని జబ్బయితే తానూ ఆ మాటే అనేది. దీనికి మందు ఉంది. పాలలో కలిపి తాగే మందు, వంటింటి అరలో కూర్చునే మందు. అది లేక మనిషి చచ్చిపోతే దాన్ని హక్కు అంటారా?

వలల కర్మాగారంలో ఒక పద్ధతి ఉంది. ఎవరి బల్ల మీది వల అయినా సరే, చిరుగు కనపడ్డవాళ్లు అక్కడ ఎర్రదారం ముడివేసి తమ పేరు చెప్పి రావాలి. నా వల కాదు కదా అని దాటిపోతే ఆ రోజుతో పని ఊడుతుంది. చిరిగిన వలతో సముద్రం మీదికి వెళ్లేది మనుషులు. పదిహేడేళ్లు అలా బతికిన ఆడదానికి, చూసి కూడా ఊరుకోవచ్చని చెప్తే తలకెక్కదు.

అయినా ఎలా చెప్పడం? ఆ దారి కూడా దీవుల్లోనే ఉంది. మధ్యాహ్నం వార్తలు అవగానే రేడియోలో ప్రకటనలు చదువుతారు. ఎవరు పోయారు, అంత్యక్రియలు ఎప్పుడు, ఎవరి పొట్టేలు తప్పిపోయింది, చెవికి ఏ గుర్తు కోసి ఉంది, ఏ ఊరి హాల్లో సమావేశం, అన్నీ. ఆ పదినిమిషాలు ఓడలో ఉన్నవాడు కూడా చెంచా కింద పెట్టి వింటాడు. డెన్మార్క్‌లో ఉన్న దీవుల జనం ఫోన్లలో వింటారు. పేరు లేని ప్రకటనను మాత్రం రేడియో చదవదు. రాసినవాళ్లు ఎవరో, ఏ ఊరో చివర చెప్పి తీరాలి.

ఆ విషయం ఎల్స్పా ఆదివారం భోజనాల దగ్గర బయటపెట్టింది. తల్లి ఆర్మ్‌గార్, మేనమామ హానుస్ ఉన్నారు. ఎండబెట్టిన గొర్రె మాంసం కోస్తున్న ఆర్మ్‌గార్ కత్తి ఆపేసింది. ఆవిడ ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి, గొంతు పెంచకుండానే ఎదుటివాళ్లను కూర్చోబెట్టగలదు.

"వద్దన్నాడు కదే ఆ మనిషి. తెలియకుండా ఉండనివ్వమన్నాడు. నువ్వెవరు చెప్పడానికి?"

"వాడి బిడ్డకు తల్లిని."

"అదే వాడు వద్దనుకున్నది" అంది ఆర్మ్‌గార్. ఆ మాట ఎల్స్పాకు ముల్లులా దిగింది, ఎందుకంటే అది నిజం. తల్లి అక్కడితో ఆగలేదు. నువ్వు నీ పేరు పెట్టి చదివిస్తావు. సాయంత్రానికి నార్వే దాకా తెలుస్తుంది. రేపు రన్వా బడికి వెళ్తే, రేడియోలో వచ్చిన పిల్ల ఇదే అంటారు. దాని జబ్బు, దాని పుట్టుక రెండూ ఊరందరి నోళ్లలో నానుతాయి. నీ పేరు నీది, పిల్ల కథ మాత్రం పిల్లది. దానికి మాటలు రాకముందే నువ్వు పంచిపెట్టేస్తే, పెద్దయ్యాక దానికి ఏం మిగులుతుంది?

బంగాళాదుంపలు చల్లారిపోయాయి. హానుస్ మాత్రం తింటూనే ఉన్నాడు. నలభై ఏళ్లు చేపల ఓడ నడిపి దిగిన మనిషి, తుపానులో కూడా భోజనం మానలేదని పేరు.

"ఆ కుర్రాడు ఇక్కడే ఉన్నాడనుకో. ప్రకటన విని ఆసుపత్రికి పోతాడు. పోయాడంటే వాడేనని ఊరంతటికీ తెలిసిపోదూ? ఇంక వాడెందుకు పోతాడే పిల్లా? చావనైనా చస్తాడు గానీ పోడు" అన్నాడు చివరికి.

ఇద్దరూ రెండు వైపుల నుంచి తలుపులు మూసేశారు. నాలుగు రోజులు ఎల్స్పా ఆ మాటలు నెమరేసుకుంది. పాపకు మందు ఇచ్చినప్పుడల్లా లెక్క వేసింది. రోజుకు మూడుసార్లు తన బిడ్డ బతుకుతోంది. ఎక్కడో ఒకడు రోజుకు మూడుసార్లు ఆ మందు తాగడం లేదు. వాడి ముఖం తెలియదు, గొంతు తెలియదు. రన్వా మెడ కింద మడత, నవ్వబోయే ముందు ఎడమ పక్కకు వంగే పెదవి తనవి కావు, తల్లివి కావు. వాడివే అయ్యుంటాయి. పరాయివాడని ఎలా అనుకుంటుంది?

అయిదో రోజున తల్లికి ఫోన్ చేసి నిర్ణయం చెప్పింది. రన్వా పెద్దయ్యి, నా కథ ఎందుకు పంచిపెట్టావని అడిగితే తలవంచుకుని తిట్లు తింటాను. మా నాన్న ఎలా పోయాడు, నీకు ముందే తెలుసటగా అని అడిగితే తలెత్తి ఏం చెప్పను? రాసింది పంపు, తప్పులు దిద్దుతానంది ఆర్మ్‌గార్. ఒప్పుకున్నానని మాత్రం అనలేదు.

బుధవారం మధ్యాహ్నం, ఒక అంత్యక్రియల కబురుకూ ఒక తప్పిపోయిన పొట్టేలుకూ మధ్య రేడియోలో ఆడగొంతు చదివింది.

"కోపెన్‌హేగన్ వీర్యబ్యాంకులో 7314 నంబరు దాతగా ఉన్న మన దీవుల మనిషికి. మీకు కార్నిటిన్ లోపం ఉండవచ్చు. వెంటనే రక్తపరీక్ష చేయించుకోండి. మందు ఉంది. మీరెవరో నేను తెలుసుకోను, మీ నుంచి నాకు ఏమీ అక్కర్లేదు. బతికి ఉండండి, చాలు. ఇట్లు, ఎల్స్పా, వలల కర్మాగారం, క్లాక్స్‌విక్."

బతికి ఉండండి అన్న ముక్క ఆర్మ్‌గార్ కొట్టేసింది. ఎల్స్పా మళ్లీ రాసింది.

ఊరు కోడై కూసింది. బేకరీలో మాటలు ఆగిపోయేవి, తాను బయటికి రాగానే మళ్లీ మొదలయ్యేవి. ఒక పెద్దమనిషి దారిలో ఆపి, దేవుడిచ్చిన మార్గం వదిలితే ఇలాగే ఉంటుందని నీతి చెప్పబోయాడు. ఎల్స్పా ఆయన పిల్లలు ఎంతమందో, వాళ్ల రక్తం పరీక్ష చేయించారో లేదో అడిగి పంపించింది. ఇద్దరు ఆడవాళ్లు చీకటిపడ్డాక తలుపు తట్టి, తామూ కోపెన్‌హేగన్ వెళ్లివచ్చినవాళ్లమేనని, తమ దాతల జాతీయత కూడా డెన్మార్కేనని గుసగుసగా చెప్పి, టీ తాగి వెళ్లారు.

ఆసుపత్రికి మాత్రం ఒక్క మగాడూ రాలేదు. గురువారం రాలేదు, శుక్రవారం రాలేదు. మామ చెప్పిందే నిజమైంది. ఎల్స్పాకు మొదటిసారి భయం వేసింది. తన పేరుతో తలుపు తెరిచాననుకుంటే, ఆ మనిషి మొహం మీదే మూసేసినట్టయింది. శనివారం ఆమె హానుస్ ఇంటికి వెళ్లి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మామయ్యా, నువ్వు వెళ్లి రక్తం ఇవ్వాలి."

"నేనా? నాకు అరవై ఏడేళ్లు. కోపెన్‌హేగన్ మొత్తమ్మీద మూడుసార్లు చూశాను, అందులో రెండుసార్లు మీ అత్త పక్కనే ఉంది."

"ఆ మూడోసారి సంగతి ఊళ్లోవాళ్లు ఆలోచించుకుంటారులే. నువ్వు ఒక్కడివే కాదు, నీ పాత ఓడ మనుషులందర్నీ తీసుకెళ్లు. వాళ్ల కొడుకుల్నీ అల్లుళ్లనీ కూడా. అందరూ వరసలో ఉంటే వాణ్ణి ఎవరు గుర్తుపడతారు?"

హానుస్ ముక్కుపొడి డబ్బీ మూత మూశాడు. తర్వాత కోటు వేసుకున్నాడు.

సోమవారం ఉదయం ఎనిమిదింటికి ఆసుపత్రి మెట్ల మీద పందొమ్మిదిమంది మగవాళ్లు నిలబడి ఉన్నారు. పది అయ్యేసరికి వరస బస్సుల చోటు దాకా పాకింది. ముసలివాళ్లు, చేపల మేత వాసనతో పనిబట్టల్లోనే వచ్చినవాళ్లు, రేవు దగ్గర బంతి ఆడే జట్టు మొత్తం, పెళ్లాం మోచేత్తో పొడిస్తే వచ్చిన పాస్టరుగారు. ఏం బావా, నీ నంబరెంత అని ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు. హానుస్ మాత్రం అందరికంటే ముందు నిలబడి, నంబరు అడిగినవాడికల్లా ఓడ నంబరు చెప్పాడు. సూదులు అయిపోయి ఓలువా రాజధానికి ఫోన్ చేయాల్సి వచ్చింది. ఎవర్రా ఈ గోల మొదలుపెట్టిందని విసుక్కుంటూనే కళ్లు తుడుచుకుందని నర్సు తర్వాత చెప్పింది. ఆ వారం మిగిలిన దీవుల్లోనూ అలాగే వరసలు కట్టారు.

రెండు వారాల తర్వాత ఓలువా పాపను చూడటానికి వచ్చినప్పుడు, పరీక్షించిన వాళ్లలో ఒకరికి జబ్బు ఉన్నట్టు తేలిందని, ఆ రోజే మందు మొదలుపెట్టామని చెప్పింది. అంతకుమించి చెప్పే వీలు లేదంది. ఎల్స్పా అడగలేదు. తెలుసుకోనని రేడియోలో చెప్పింది, మాట మాటే. ఆ పూట పాపను ఎత్తుకుని రేవు చివరిదాకా నడిచింది. వాడు బతికే ఉన్నాడు. ఆ మాట నలుగురికీ వినపడేలా అరవాలనిపించింది కానీ, పాప నిద్రలో ఉంది.

ఆ తర్వాత అయిదు నెలలకు, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె ఇంటి ముందు ఒక కారు ఆగింది. సాండోయ్ దీవి నుంచి సముద్రం కింది సొరంగాలు మూడు దాటి వచ్చారు. అరవైకి దగ్గరపడుతున్న ఆవిడ, పక్కన ఇరవై ఏళ్ల కుర్రాడు. ఆవిడ పేరు మాలన్, అతను ఆవిడ కొడుకు ఓస్వాల్. చర్చికి వేసుకునే బట్టల్లో ఉన్నారు. ఎల్స్పా కాఫీ పోసి, పుల్లటి రేవల్చిన్ని కాడల జాముతో చేసిన కేకు ముందు పెట్టింది. ఇద్దరూ ముట్టుకోలేదు. కుర్రాడి పెదవి ఏదో అనబోయే ముందు ఎడమ పక్కకు వంగింది. అది చూడగానే ఎల్స్పా చేతిలోని కాఫీ కూజా బల్ల మీద పెట్టేసింది. ఇతనే అనుకుంది. మరీ ఇంత చిన్నవాడా?

"మీరు పిలిచిన మనిషి రాలేడండీ. అతని బదులు నేను వెళ్లి రక్తం ఇచ్చాను. జబ్బు ఉందని తేలింది నాకే" అన్నాడు ఓస్వాల్.

తర్వాత అతను నేల వైపు చూస్తూ మిగతాది చెప్పాడు. అన్న పేరు బార్దుర్. కోపెన్‌హేగన్‌లో ఓడల నిర్మాణం చదివేవాడు. అందరికీ పరీక్షలు జరిగిన ఏడాది వాళ్ల కుటుంబం నాన్న పని మీద గ్రీన్‌లాండ్‌లో ఉంది, తిరిగొచ్చాక ఎవరికీ గుర్తు రాలేదు. మూడేళ్ల కిందట బార్దుర్‌కు గొంతునొప్పి, జ్వరం వచ్చాయి. మందు బిళ్లలు వేసుకుని రెండు రోజులు తినకుండా పడుకున్నాడు. మూడో రోజు పక్కగదివాళ్లు తలుపు పగలగొట్టారు. గుండె ఆగిందని రాసి ఇచ్చారు, ఎందుకు ఆగిందో ఎవరికీ తెలియలేదు. గది ఖాళీ చేస్తుంటే పుస్తకంలో ఒక కార్డు దొరికింది. దాని మీద 7314 అని ఉంది. అమ్మకు తెలిస్తే బాధపడుతుందని ఓస్వాల్ దాన్ని దాచుకున్నాడు. ఆ రోజు రేడియోలో ఆ నంబరు విన్నప్పుడు గొర్రెల దొడ్డిలో ఉన్నాడు. అన్న ఎందుకు పోయాడో ఆ నిమిషంలో అర్థమైంది. తర్వాత వంతు ఎవరిదో కూడా అర్థమైంది. కార్డు సంగతి అమ్మకు చెప్పడానికే ఇన్ని నెలలు పట్టింది.

మూడేళ్లు. రన్వాకు ఇప్పుడు ఏడు నెలలు. ఎల్స్పా ఆ జాబితా ముందు కూర్చుని, ఆరోగ్యవంతుడేనా అని వెతుకుతున్న రోజుకే అతను మట్టిలో ఉన్నాడు. బతికి ఉండండి అని ఆమె రేడియోలో అడిగింది ఎప్పుడో చచ్చిపోయిన మనిషిని. ఆమె బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. ముఖం కూడా చూడని మనిషి కోసం ఇంత ఏడుపు వస్తుందని ఆమె అనుకోలేదు. దాచుకోలేదు కూడా.

పక్కగదిలో పాప కదిలిన చప్పుడు వినపడుతున్నా మాలన్ అటు తల తిప్పలేదు. చేతులు ఒళ్లో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"మీకేమీ అక్కర్లేదని రేడియోలో విన్నానమ్మా. వాడు కూడా ఎవరికీ తెలియొద్దనే రాసిచ్చాడంట. నాకు అడిగే హక్కు లేదు. వీణ్ణి నాకు మిగిల్చావు, అది చెప్పి వెళ్దామని వచ్చాను" అంది.

హక్కు అన్న మాట విని ఎల్స్పాకు బ్యాంకు ఆవిడ గుర్తుకొచ్చింది. ఈ ముసలామెకు ఒక్క మెట్టు దిగితే రేపు మనవరాలంటుంది, పుట్టినరోజంటుంది, సెలవులకు పంపమంటుంది. తనకు, రన్వాకు మధ్య ఎవరూ ఉండకూడదనే పేరు లేని మనిషిని ఎంచుకుంది. బార్దుర్ కూడా అదే కోరాడు. ఆ కోరికను తానే రేడియోలో ఒకసారి దాటింది, అతను బతకాలని. అతను బతకలేదు. ఇరవై రెండేళ్లప్పుడు పెట్టిన ఒక గీత, పోయాక కూడా కన్నతల్లిని గుమ్మంలోనే నిలబెట్టాలా? అతనే ఇక్కడ కూర్చుని ఉంటే ఏమనేవాడో ఎల్స్పాకు తెలియదు. అడగడానికి అతను లేడు, జవాబు చెప్పాల్సింది తానే.

ఆమె లేచి వెళ్లి రన్వాను తెచ్చింది. మాలన్ ఒళ్లో కూర్చోబెట్టింది. పాప ఆ కొత్త ముఖాన్ని ఒక క్షణం పరీక్షగా చూసింది, పెదవి పక్కకు వంచింది. మాలన్ ఆ పెదవిని వేలితో తాకింది. అంతలో పాప నవ్వలేదు సరికదా, ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు అందుకుంది. ఓస్వాల్ కంగారుగా లేచాడు. మాలన్ పాపను ఎల్స్పాకు తిరిగి అందించబోయింది. భయపడిందమ్మా, తీసుకో, తీసుకో అంటోంది.

ఎల్స్పా చేతులు చాచలేదు. కాఫీ కప్పు ఆవిడ దగ్గరికి జరిపి తన కుర్చీలో కూర్చుంది.

"కొత్తవాళ్ల ఒళ్లో ఉండదు ఇది. రెండు మూడు ఆదివారాలు వస్తే అలవాటవుతుంది."